రెండు చెవుల లెక్క తేల్చిన ఇంజినీర్

హోమ్ థియేటర్ రిసీవర్‌ని ఎప్పుడైనా వెనకవైపు నుంచి చూశారా? ముందు ఒక గుండ్రటి నాబ్, నాలుగు బటన్లు తప్ప ఏమీ ఉండవు. వెనక్కి తిప్పితే మాత్రం సాకెట్ల సంత. వరసగా హెచ్‌డీఎంఐలు, పక్కన ఆప్టికల్, కింద ఎరుపు తెలుపు జతలు, ఓ మూల రికార్డ్ ప్లేయర్ కోసం ఫోనో అని రాసున్న జత, దాని పక్కనే ఎర్త్ వైరు బిగించే చిన్న స్క్రూ. సెట్‌టాప్ బాక్సు, గేమ్ కన్సోల్, ల్యాప్‌టాప్, తాతగారి రికార్డ్ ప్లేయర్... ఒక్కోదానికీ ఒక్కో చోటు. ఫోన్ అయితే వైరు కూడా అక్కర్లేదు, బ్లూటూత్ చాలు. ఏ ప్లగ్గు ఎక్కడ పడుతుందో అక్కడ గుచ్చేస్తే కనెక్షన్ల పని అయిపోయినట్టే. అసలు తిరకాసు ఆ తర్వాత మొదలవుతుంది.

ఈ సోర్సుల్లో చాలావరకు తెచ్చేది రెండు చానెళ్లే. ఎడమ, కుడి. బ్లూటూత్ పాట అంతే, రికార్డ్ ప్లేయర్ అంతే. సెట్‌టాప్ బాక్సు ఆడియో సెట్టింగ్ స్టీరియో పీసీఎం మీద ఉంటే అదీ అంతే. గదిలో ఉన్నవి చూస్తే ముందు మూడు, వెనక రెండు, మొత్తం ఐదు స్పీకర్లు. వచ్చినవి రెండు, పంచాల్సింది ఐదింటికి. మరి డైలాగు మధ్య స్పీకర్లోకి, చప్పట్ల హోరు వెనక స్పీకర్లలోకి ఎలా వెళ్తున్నాయి? నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నల్లో ఇదొకటి.

జవాబు కూడిక, తీసివేత. నిజంగా అంతే. ఎడమ సిగ్నల్‌కి కుడి సిగ్నల్ కలిపితే రెండింటిలోనూ ఒకేలా ఉన్నది బలపడుతుంది. హీరో మాట, గాయకుడి గొంతు సాధారణంగా రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంటాయి కాబట్టి అవి పైకి తేలతాయి. దాన్ని మధ్య స్పీకర్‌కి ఇవ్వాలి. ఎడమలోంచి కుడిని తీసేస్తే ఒకేలా ఉన్నది మాయమై, తేడాగా ఉన్నదే మిగులుతుంది. హాల్లో ప్రతిధ్వని, జనం గోల లాంటివి. అది వెనక్కి. 1970ల్లో డాల్బీ వాళ్లు నాలుగు చానెళ్ల శబ్దాన్ని ఫిల్ముపై రెండు ట్రాకుల్లో ఇమిడ్చి, థియేటర్లో మళ్లీ విడదీసింది ఈ లెక్క మీదే. ఇంట్లో రిసీవర్ ప్రో లాజిక్ మోడ్‌కి పునాది కూడా ఇదే. ఇప్పటి చిప్పులు దీనిపైన ఇంకా చాలా తెలివి చూపిస్తాయి, అది వేరే సంగతి.

రెండు చానెళ్ల శబ్దాన్ని ఇలా కూడి, తీసి, మళ్లీ విడదీసే పద్ధతిని 1931 డిసెంబరు 14న లండన్‌లో ఒక పేటెంట్ దరఖాస్తులో రాసిపెట్టిన మనిషి ఉన్నాడు. అప్పటికి వయసు 28. పేరు అలన్ డోవర్ బ్లమ్‌లైన్. స్టీరియో అనగానే ఆడియో ఇంజినీర్లకు గుర్తొచ్చే మొదటి పేరు ఇదే. సరౌండ్ సౌండ్‌ని ఆయన తయారు చేయలేదు, ఆ మాట ముందే చెప్పాలి. ఆయన వేసిన పునాది స్టీరియోది. కానీ ఆ పునాది లేకపోతే మీ గదిలో ఆ ఐదు స్పీకర్లకు పనే లేదు.

కాలింగ్ బెల్‌కు బిల్లు

బ్లమ్‌లైన్ 1903 జూన్ 29న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పుట్టాడు. తండ్రిది జర్మనీ మూలం, తర్వాత బ్రిటిష్ పౌరుడయ్యాడు. తల్లి, దక్షిణాఫ్రికాలో పనిచేసిన ఒక స్కాట్లాండ్ మిషనరీ కూతురు. వాళ్లింట్లో చెప్పుకొనే కథ ఒకటుంది. ఏడేళ్లప్పుడు ఇంటి కాలింగ్ బెల్ బాగుచేసి తండ్రికి బిల్లు ఇచ్చాడట, కింద ఎలక్ట్రికల్ ఇంజినీర్ అని సంతకం పెట్టి మరీ. అదే పిల్లాడికి పన్నెండేళ్లు వచ్చేదాకా చదవడం సరిగ్గా రాలేదని సోదరి అంటుండేది. రాకపోతేనేం, క్వాడ్రాటిక్ ఈక్వేషన్లు బాగానే వచ్చు కదా అన్నది ఆయనగారి సమర్థన.

ఆ చదవడం రాని పిల్లాడే 1921లో స్కాలర్‌షిప్‌తో సిటీ అండ్ గిల్డ్స్ కాలేజీలో నేరుగా రెండో ఏడాదిలో చేరి, 1923లో ఫస్ట్ క్లాస్ ఆనర్స్‌తో బీఎస్సీ పూర్తిచేశాడు. 1924లో ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం. అదే తర్వాత స్టాండర్డ్ టెలిఫోన్స్ అండ్ కేబుల్స్ అయింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఎందుకంటే ఈ మొదటి ఉద్యోగాన్ని చాలామంది రెండు లైన్లలో దాటేస్తారు. నా లెక్కలో బ్లమ్‌లైన్ కథకు తాళంచెవి ఇక్కడే ఉంది.

ఆయనకిచ్చిన పని, దూరప్రాంత టెలిఫోన్ కేబుళ్లలో క్రాస్‌టాక్ తగ్గించడం. ఒకే కేబుల్లో పక్కపక్కనే ఎన్నో తీగల జతలు వెళ్తాయి. ఒక జతలో నడిచే మాటలు పక్క జతలోకి చొరబడతాయి. ల్యాండ్‌లైన్ రోజుల్లో మీ అమ్మానాన్నలు ఫోనెత్తితే మధ్యలో ఇంకెవరి మాటలో వినపడేవి చూడండి, అదే. దాన్ని తగ్గించాలంటే రెండు జతల మధ్య ఉన్న అతి చిన్న విద్యుత్ తేడాను కొలవాలి. బ్లమ్‌లైన్ దానికోసం కొత్తరకం ఏసీ బ్రిడ్జి తయారుచేశాడు. ఒకదానితో ఒకటి గట్టిగా కలిపి చుట్టిన కాయిల్స్‌ని దాని రెండు చేతులుగా వాడాడు. అప్పుడు కొలత నిష్పత్తి కాయిల్ చుట్ల సంఖ్య మీదే ఆధారపడుతుంది, చుట్టుపక్కల అల్లరి దాన్ని కదపలేదు. ల్యాబ్‌లో వీట్‌స్టోన్ బ్రిడ్జి ముందు గాల్వనోమీటర్ ముల్లు సున్నాకి రావడం లేదని తిట్టుకున్నవాళ్లకి ఇది ఎంత పెద్ద సుఖమో అర్థమవుతుంది.

పని పేరు వింటే ఏమంత గొప్పగా లేదు. కానీ రోజూ ఆయన చేతుల్లో ఆడిందేమిటి? రెండు తీగల్లో ఏది ఒకేలా ఉంది, ఏది తేడాగా ఉంది, ఆ రెంటినీ ట్రాన్స్‌ఫార్మర్లతో ఎలా విడదీయాలి అనే ప్రశ్న. రెండు తీగల జతల మీద మూడో సంభాషణ పంపే ఉపాయం టెలిఫోన్ వాళ్లకు అప్పటికే ఉంది, అదీ కూడిక తీసివేతల ఆటే. గ్రామఫోన్ వైపు వచ్చిన ఇంజినీర్లందరి చేతుల్లోనూ ఈ పనిముట్టు ఉండదు. ఈయన దాన్ని వెంట తెచ్చుకున్నాడు.

1929లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీకి మారాడు. అక్కడి బాస్ ఐజాక్ షోన్‌బర్గ్. కంపెనీ బాధ ఏంటంటే, రికార్డుల మీద గాడి కోసే యంత్రం పేటెంటు వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లది. అమ్మే ప్రతి రికార్డుకూ వాళ్లకు రాయల్టీ కట్టాలి. ఆ పేటెంటుకు తగలకుండా అదే పనిచేసే యంత్రం కావాలి. ఎవరైనా మీకు ఇలాంటి జాబ్ డిస్క్రిప్షన్ పంపిస్తే మొహం మాడ్చుకుంటారేమో. బ్లమ్‌లైన్, హోల్మన్ అనే సహోద్యోగితో కలిసి, మూవింగ్ కాయిల్‌తో నడిచే కొత్త కట్టర్ తయారుచేశాడు. రాయల్టీ తప్పింది, నాణ్యత కూడా పెరిగింది. 1931లో కొలంబియా, హెచ్ఎంవీ రికార్డుల గ్రామఫోన్ కంపెనీ కలిసి ఈఎంఐ అయ్యాయి. ల్యాబ్ లండన్ పశ్చిమాన హేస్ అనే ఊళ్లో.

తెర మీద మనిషి ఒకచోట, గొంతు ఇంకోచోట

టాకీలు కొత్తగా వచ్చిన రోజులవి. 1931 మొదట్లో బ్లమ్‌లైన్, తర్వాత ఆయన భార్య అయిన డోరీన్ లేన్‌తో కలిసి సినిమాకి వెళ్లాడు. నటుడు తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నా గొంతు మాత్రం ఉన్నచోటే ఉంది. ఒకటే స్పీకర్ మరి. మిగతా ప్రేక్షకులు సర్దుకుపోయారు. ఈయన సర్దుకోలేకపోయాడు. శబ్దం నటుడి వెంట నడిచేలా చేసే దారి తన దగ్గర ఉందని ఆమెకు చెప్పాడట.

రెండు చెవులకు రెండు రిసీవర్లు పెట్టి వినిపించడం అప్పటికి కొత్త కాదు. 1881లోనే పారిస్ ప్రదర్శనలో క్లెమాన్ అడేర్ టెలిఫోన్ తీగల మీద ఒపేరాని అలా వినిపించాడు. బ్లమ్‌లైన్ పట్టుకున్న సమస్య వేరు. ఎడమవైపు నుంచి వచ్చిన శబ్దం ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు పట్టేస్తుంది. సరే, చెవుల దూరంలో రెండు మైకులు పెట్టి రికార్డు చేసి, రెండు స్పీకర్లలో వదిలితే సరిపోతుంది కదా అంటారా? సరిపోదు. ఇయర్‌ఫోన్స్‌లో అయితే ఏ చెవి శబ్దం ఆ చెవికే. గదిలో స్పీకర్లు పెడితే ఎడమ స్పీకర్‌ని రెండు చెవులూ వింటాయి, కుడి స్పీకర్‌నీ రెండు చెవులూ వింటాయి. మైకులు పట్టుకున్న ఆ చిన్న ఆలస్యం అక్కడ కలగాపులగం అయిపోతుంది. చూశారా, మళ్లీ క్రాస్‌టాకే! ఈసారి కేబుల్లో కాదు, గాలిలో.

బ్లమ్‌లైన్ లెక్కలు వేసి తేల్చిందేమిటంటే, స్పీకర్లకు కాలం తేడా ఇవ్వొద్దు, గట్టిదనంలో తేడా ఇవ్వాలి. ఒక స్పీకర్ కాస్త గట్టిగా, ఇంకోటి కాస్త మెల్లగా మోగితే, రెండు చెవుల దగ్గర కలిసేటప్పుడు కింది స్థాయి శబ్దాల్లో ఆ గట్టిదనం తేడాయే కాలం తేడాగా మారిపోతుంది. మెదడుకు కావలసిన సంకేతం దొరుకుతుంది. కాబట్టి మైకుల కాలం తేడాను దారిలోనే గట్టిదనం తేడాగా మార్చాలి. ఎలా? రెండు సిగ్నళ్లను కూడి ఒకటి, తీసి ఒకటి చేయాలి. తీసివేతగా వచ్చినదాన్ని తరచుదనాన్ని బట్టి సవరించాలి. మళ్లీ రెంటినీ కూడి, తీసి, ఎడమ కుడి రాబట్టాలి. ఆ సర్క్యూట్‌కి షఫ్లర్ అని పేరు. టెలిఫోన్ కంపెనీలో ఏడాదికేడాది తిప్పిన పనిముట్టే ఇది అని ఎవరూ కాగితం రాసివ్వలేదు, అది నా అంచనా. కానీ బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది.

ఆ పేటెంటు నంబరు 394325. మొత్తం 70 క్లెయిములు. అందులో షఫ్లర్‌తో పాటు ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో ఒకేచోట పెట్టే రెండు మైకుల జత కూడా ఉంది. రికార్డింగ్ స్టూడియోల్లో దాన్ని నేటికీ బ్లమ్‌లైన్ పెయిర్ అనే పిలుస్తారు. అన్నిటికంటే నాకు ముచ్చటేసేది రికార్డు గాడి. ఒకటే గాడిలో రెండు చానెళ్లు ఎలా? ఇంగ్లిష్ వి అక్షరంలాంటి గాడి తీసుకోండి. దాని రెండు గోడల మధ్య 90 డిగ్రీలు. ఒక గోడ మీద ఎడమ, ఇంకో గోడ మీద కుడి. ఒకటే సూది రెంటినీ చదువుతుంది. ఇప్పుడు మన కూడిక తీసివేతల్ని తెచ్చి పెట్టండి. సూది అడ్డంగా కదిలితే అది రెండు చానెళ్ల కూడిక, పైకీ కిందికీ కదిలితే తీసివేత. పాత మోనో ప్లేయర్లకు అడ్డం కదలిక మాత్రమే తెలుసు. అంటే స్టీరియో రికార్డులోంచి వాటికి దొరికేది కూడిక, అంటే పూర్తి పాట! రిసీవర్ వెనక ఆ ఫోనో సాకెట్‌కి తగిలించే ఎరుపు తెలుపు తీగలు ఆ రెండు గోడల నుంచి వస్తున్నవే.

ఎఫ్ఎం రేడియోలో కూడా ఇదే ఉపాయం నడుస్తుంది. కూడిక మామూలుగా వెళ్తుంది, తీసివేత 38 కిలోహెర్ట్జ్ మీద ఎక్కి వెళ్తుంది. చవక సెట్టు కూడికను మాత్రం వింటుంది, స్టీరియో సెట్టు రెంటినీ తీసుకుని విడదీస్తుంది. కమ్యూనికేషన్స్ పేపర్‌లో ఆ బ్లాక్ డయాగ్రమ్ బట్టీపట్టినవాళ్లు ఇక్కడ ఒకసారి నవ్వుకోవచ్చు. దీన్ని ఇంట్లోనే పరీక్షించాలనుందా? రిసీవర్ ఆఫ్ చేసి, ముందున్న రెండు స్పీకర్లలో ఒకదానికి మాత్రం ప్లస్, మైనస్ తీగలు తారుమారు చేయండి. స్టీరియో మోడ్‌లో పాట పెట్టండి. మధ్యలో నిలబడి పాడుతున్నట్టుండే గొంతు చెదిరిపోతుంది, బేస్ పలచబడుతుంది. కూడాల్సిన చోట గాలిలో తీసివేత జరుగుతోందన్నమాట. తర్వాత మళ్లీ ఆఫ్ చేసి తీగలు సరిచేయడం మరిచిపోకండి.

పెట్టెలో పెట్టేసిన స్టీరియో

1934 జనవరిలో అబ్బే రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నడిపించిన మొజార్ట్ జూపిటర్ సింఫనీని బ్లమ్‌లైన్ బృందం స్టీరియోలో రికార్డు చేసింది. 1935లో పరీక్ష కోసం చిన్న చిన్న సినిమాలు తీశారు. పేటెంటు చేతిలో ఉంది, పనిచేసే యంత్రం ఉంది, రికార్డులు ఉన్నాయి. తర్వాత? తర్వాత ఏమీ లేదు. కంపెనీ ఆ పని ఆపేసింది. మనుషులూ డబ్బూ టెలివిజన్ వైపు మళ్లాయి. స్టీరియో ఎల్పీలు దుకాణాల్లోకి వచ్చేసరికి 1950ల చివర. అవి వాడింది ఆ వి గాడి పద్ధతే. అప్పటికి పేటెంటు గడువు తీరిపోయింది, మనిషీ లేడు. మన దగ్గరికొస్తే, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా సింహాసనం 1986లో విడుదలైంది. ఆ దరఖాస్తు వేసిన 55 ఏళ్లకు.

మీరు నెలలు కష్టపడ్డ ప్రాజెక్టుని బిజినెస్ కారణాలతో మూసేస్తే ఎలా ఉంటుందో ఉద్యోగంలో చేరిన రెండేళ్లలో తెలుస్తుంది. బ్లమ్‌లైన్ ఏమనుకున్నాడో తెలిపే కాగితాలేవీ నేను చూడలేదు. ఏం చేశాడో మాత్రం తెలుసు. టెలివిజన్ పనిలో దిగాడు. ఈఎంఐ బృందం తయారుచేసిన 405 లైన్ల పూర్తి ఎలక్ట్రానిక్ పద్ధతికీ, జాన్ లోగీ బెయిర్డ్ 240 లైన్ల పద్ధతికీ బీబీసీ పోటీ పెట్టింది. 1936 నవంబరు 2న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి ప్రసారాలు మొదలయ్యాయి. కొన్ని నెలలకే బెయిర్డ్ పద్ధతిని పక్కనపెట్టారు. 405 లైన్లు బ్రిటన్‌లో 1980ల దాకా నడిచాయి.

ఆ 1936లోనే ఆయన ఒక చిన్న సర్క్యూట్‌కి పేటెంటు వేశాడు. ఈసీఈ, ఈఈఈ వాళ్లు జాగ్రత్తగా వినండి. రెండు వాల్వులు, రెంటి కాళ్లూ కలిపి ఒకే పెద్ద రెసిస్టర్‌కి. రెండు తీగల మీద ఒకేలా వచ్చిన రొదను పట్టించుకోదు, తేడాను మాత్రమే పెంచుతుంది. లాంగ్ టెయిల్డ్ పెయిర్. మీ పుస్తకంలో డిఫరెన్షియల్ యాంప్లిఫయర్. మీరు ల్యాబ్‌లో వాడిన 741 ఆప్-ఆంప్ ఇన్‌పుట్ దగ్గర ట్రాన్సిస్టర్లతో కూర్చున్నది దీని వారసుడే. కామన్ మోడ్ రిజెక్షన్ అంటే ఏంటి అని ఇంటర్వ్యూలో అడిగితే నిర్వచనం అప్పజెప్పేవాళ్లే ఎక్కువ. పక్క తీగ రొద తన లైన్లోకి రాకుండా చూడటమే ఉద్యోగంగా ఐదేళ్లు బతికిన మనిషి పని ఇదని తెలిస్తే ఆ జవాబు ఇంకోలా ఉంటుంది. రిసీవర్లోకి వెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్లో కూడా డేటా జంట తీగల మీద తేడాగానే నడుస్తుంది. దాన్ని ఆయన చేయలేదు, తర్కం మాత్రం అదే.

సుమారు 15 ఏళ్లలో మొత్తం 128 పేటెంట్లు. వాల్వ్ యాంప్లిఫయర్ల పిచ్చి ఉన్నవాళ్లకు తెలిసిన అల్ట్రా లీనియర్ సర్క్యూట్ కూడా ఆ జాబితాలోనిదే. అది జనంలోకి వచ్చిందీ 1950ల్లో, అమెరికాలో, వేరేవాళ్ల చేతుల మీదుగా. ఒకటి మాత్రం గమనించండి. టెలిఫోన్ నుంచి గ్రామఫోన్‌కి, అక్కడి నుంచి టీవీకి ఆయన మారినప్పుడల్లా పాతది పక్కన పడేయలేదు. డొమైన్ మారితే అనుభవం వృథా అని బెంగపడేవాళ్లకి ఇది ఊరటే. అయితే షోన్‌బర్గ్ లాంటి బాస్, ఈఎంఐ లాంటి ల్యాబ్ దొరకడం కూడా ఈ కథలో సగం. అది దాచి చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే.

హాలిఫాక్స్ వి9977

యుద్ధం వచ్చింది. ఈఎంఐ ల్యాబ్ రాడార్ పనిలోకి వెళ్లింది. ఆకాశంలోని విమానానికి చీకట్లో, మబ్బుల్లో కింద నేల ఎలా ఉందో చూపించే రాడార్ ఒకటి తయారవుతోంది. పేరు హెచ్2ఎస్. బ్లమ్‌లైన్‌కి విమానాలంటే కొత్త కాదు, సరదాగా నేర్చుకుని పైలట్ లైసెన్సు కూడా సంపాదించాడు. 1942 జూన్ 7, ఆదివారం. డెఫర్డ్ వైమానిక స్థావరం నుంచి హాలిఫాక్స్ వి9977 అనే బాంబర్ విమానం పరీక్ష కోసం ఎగిరింది. లోపల హెచ్2ఎస్ పరికరం, మొత్తం 11 మంది. ఈఎంఐ నుంచి బ్లమ్‌లైన్, సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్. గాల్లో ఉండగా ఒక ఇంజిన్‌కి మంటలంటుకున్నాయి. హెర్‌ఫర్డ్‌షైర్‌లో వెల్ష్ బిక్‌నర్ దగ్గర కూలిపోయింది. ఒక్కరూ మిగల్లేదు.

దర్యాప్తులో తేలిన కారణం, ఇంజిన్లో సరిగ్గా బిగించని ఒక ట్యాపెట్ నట్టు. దానివల్ల వాల్వు విరిగింది, మంట మొదలైంది. మెకానికల్ వాళ్లకు అంతకంటే వివరం అక్కర్లేదు.

బ్లమ్‌లైన్‌కి అప్పటికి 38 ఏళ్లు. భార్య, ఇద్దరు కొడుకులు. శత్రువుకి హెచ్2ఎస్ గురించి ఉప్పందకూడదని ప్రభుత్వం ఆ మరణాన్ని రహస్యంగా ఉంచింది. పత్రికల్లో నివాళి వ్యాసం రాలేదు. ఆ పరికరం 1943 జనవరి చివర్లో యుద్ధంలోకి దిగింది, ఆయన పేరు లేకుండానే. యుద్ధం ముగిశాక ఆ పేరు గుర్తుచేయాలని ఎవరికీ తొందర లేకపోయింది. లండన్‌లో ఈలింగ్‌లోని ఆయన ఇంటికి స్మారక ఫలకం పెట్టింది 1977లో. పూర్తి జీవితచరిత్ర పుస్తకాలు రావడం మొదలైంది 1999లో. అబ్బే రోడ్‌లో ఐఈఈఈ మైలురాయి ఫలకం 2015లో. ఆడియో రంగానికి చేసిన సేవకు టెక్నికల్ గ్రామీ 2017లో. చనిపోయిన 75 ఏళ్లకు!

1935లో తీసిన ఆ పరీక్ష సినిమాల్లో ఒకటి ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. హేస్ స్టేషన్లో రైళ్లు. నిడివి 5 నిమిషాల 11 సెకన్లు. కథ లేదు, నటులు లేరు, ల్యాబ్ దగ్గర్లోని స్టేషన్లో ఆవిరి ఇంజిన్లు వచ్చిపోతుంటాయంతే. రిసీవర్‌ని స్టీరియో మోడ్‌లో పెట్టి చూడండి, లేదా హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఎడమ కుడి సరిగ్గా చూసుకుని. రైలు తెర మీద ఎటు వెళ్తే చప్పుడు అటే వెళ్తుంది.